కొమ్మ పెట్టినవాళ్ళే తీయాలి

అనంతగిరి దాటి అరకు వైపు వస్తుంటే రోడ్డు పక్కన ఒక రిసార్టు కనిపిస్తుంది. గేటు దగ్గర ఒక అమ్మాయి మోకాళ్ళ పైకి ముతక చీర కట్టి, ముక్కుకి క్లిప్పు రింగులు బిగించి, చేతిలో బంతిపూల దండలు పట్టుకుని నిలబడి ఉంటుంది. కారు ఆగగానే దండ వేసి నవ్వుతుంది. దిగినవాళ్ళు ఆమె పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటారు. ఆ పిల్ల పేరు స్వర్ణ. ఆ కట్టు వాళ్ళమ్మ కూడా కట్టదు. నానమ్మ కట్టేదట. నానమ్మ పోయి చాలా కాలమైంది కాబట్టి, చీర అలా ఎలా కట్టాలో ఈ పిల్లకి రిసార్టు మేనేజరే నేర్పించాడు. ఆయనది రాజమండ్రి.

అక్కడ నిలబడ్డ పిల్ల కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేది. ఎవరో చెప్పగా విన్న మాట కాదు, పక్క కుర్చీలో కూర్చుని నేను చూశాను. అందుకే ఆ రోడ్డున వెళ్ళిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

నా పేరు భవాని. మా నాన్న పైడిరాజు బొబ్బిలి నుంచి వచ్చి అరకులో కిరాణా కొట్టు పెట్టాడు. కొట్టు మీద ఒక గది ఉంది, అందులో స్వర్ణ అద్దెకుండేది. పగలు ఆ గదే మా ఇద్దరి ఆఫీసు. విశాఖపట్నంలోని ఒక చిన్న కంపెనీకి అక్కడి నుంచే పని చేసేవాళ్ళం. ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో లేదో నొక్కి చూసే పని నాది. నొక్కడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. నాకు అదీ తక్కువే. రాసే పని స్వర్ణది.

వాళ్ళ ఊరు ముంచింగిపుట్టు నుంచి ఇంకా పైకి, ఒడిశా గట్టు వైపు. తండ్రి భీముడు చోళ్ళు, సామలు పండిస్తాడు. సిల్వరోక్ చెట్ల కింద కొంచెం కాఫీ కూడా ఉంది. ఊరి పూజారీ ఆయనే. ఈ పిల్ల ఆశ్రమ పాఠశాలలో చదివి, పాడేరులో డిగ్రీ చేసి, ఎవరో ఉచితంగా చెప్పిన కోర్సులో ప్రోగ్రాములు రాయడం పట్టుకుంది. కాఫీ సీజను అయ్యేదాకా పరీక్షగా పెట్టుకుంటామని కంపెనీ చెప్పింది. పని నచ్చితే పర్మినెంటు చేస్తారు, అరకులో ఉండే చేసుకోవచ్చు. నచ్చకపోతే ఇంటికే. కొండ మీద కూర్చుని చేసుకునే అలాంటి ఉద్యోగం ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

కొండ దిగడం స్వర్ణకి ఇష్టం లేదు. కోర్సు కోసం విశాఖలో హాస్టల్లో కొన్నాళ్ళు ఉంది. అక్కడ ఆమెని పేరు పెట్టి కాకుండా ‘ఏజెన్సీ’ అని పిలిచేవారట. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, నేను మళ్ళీ అడగలేదు. ఆ సీజనంతా ఆ పిల్ల ప్రాణం ఆ ఒక్క మాట మీదే ఉండేది, పర్మినెంటు అవుతుందా అవదా అని.

ఇక్కడ కొమ్మ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు.

ఒకసారి కొత్త పంట తినే కొత్తల పండగకి నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. జీపు దిగి కొండ ఎక్కి ఊరి మొదటికి వెళ్ళేసరికి, దారికి అడ్డంగా ఒక నేరేడు కొమ్మ పెట్టి ఉంది. మేకపిల్ల కూడా దాటేసే కొమ్మ. స్వర్ణ దాని ముందు ఆగిపోయింది. లోపల పూజ జరుగుతోందట. కొమ్మ ఉన్నంతసేపు ఎవరూ లోపలికి వెళ్ళకూడదు, బయటికి రాకూడదు.

“ఎవులు పెట్టినారు?” అన్నాను.

“మా అయ్య.”

“మీ అయ్యే కదా. పక్కకి లాగీసి రా. ఎండకి నా బుర్ర మాడిపోతన్నాది.”

“పెట్టినోలే తియ్యాలక్కా,” అంది స్వర్ణ. “ఎందుకు పెట్టినారో ఆలికే తెలుసు. మనం లాగీసినామంటే కొమ్మే పోద్ది, సంగతి పోదు.”

బండరాయి మీద కూర్చున్నాం. లోపల డప్పులు మోగుతున్నాయి, కోడికూర వాసన వస్తోంది. ఆకలి మీద నేను ఆ పిల్లని, వాళ్ళ అయ్యని, నేరేడు చెట్టుని కలిపి తిట్టాను. ఆమె నవ్వింది కానీ కదల్లేదు. చివరికి భీముడు తీరిగ్గా వచ్చి కొమ్మ ఎత్తి పక్కన పెట్టి, “బేగి రండమ్మా, కూడు సల్లారిపోతన్నాది,” అన్నాడు.

ఇక ఉద్యోగం సంగతికి వస్తాను. మా కంపెనీ ప్రోగ్రాము కాఫీ రైతులకి ఫోన్లు చేస్తుంది. ఏ ఊరికి లారీ ఎప్పుడు వస్తుందో రికార్డు చేసిన గొంతుతో చెబుతుంది. పండు కోశాక ఎక్కువసేపు ఉంచితే పులిసిపోతుంది కాబట్టి ఆ ఫోను రావడం ముఖ్యం. కొన్ని ఊళ్ళకి ఫోన్లు వెళ్ళడం లేదు. ఎందుకు వెళ్ళడం లేదో కనిపెట్టే పని స్వర్ణకి ఇచ్చారు. మా టీమ్ లీడు రవికుమార్ ఫోనులో చెప్పాడు: “ఇది చేసి చూపించు స్వర్ణా. దీని మీదే నీ రివ్యూ. తర్వాత పర్మినెంటు గురించి మాట్లాడదాం.”

నడుస్తున్న ప్రోగ్రాముని మధ్యలో ఆపి, లోపల ఏం జరుగుతోందో చూపించే పనిముట్టుని డీబగ్గర్ అంటారు. ఆపాలనుకున్న చోట ఎర్ర చుక్క పెడితే ప్రోగ్రాము అక్కడికొచ్చి ఆగుతుంది. ఆ డీబగ్గర్ ఎలా మొదలవ్వాలో చెప్పడానికి ఒక చిన్న ఫైలు ఉంటుంది. మా ప్రోగ్రాముతో చిక్కేమిటంటే, ఫోన్లు చేసేది అది కాదు. అది ఇంకొక చిన్న ప్రోగ్రాముని పుట్టించి దానిచేత చేయిస్తుంది. ఆ చిన్న ప్రోగ్రాము లోపలికి కూడా వెళ్ళమని డీబగ్గర్‌కి చెప్పాలంటే ఆ ఫైల్లో ఒక లైను రాయాలి. స్వర్ణ రాసింది. రాసీ రాయగానే, మేం ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ ఆ లైను కింద పసుపు రంగు వంకర గీత గీసింది. దాని మీద బాణం పెడితే, ‘ఈ మాట ఇక్కడ చెల్లదు’ అని ఇంగ్లీషులో చెప్పింది.

నేనైతే ఆ లైను కొట్టేసేదాన్ని. స్వర్ణ కుర్చీలో వెనక్కి వాలి, “ఈ గీత ఎవులు పెట్టినారక్కా?” అంది.

“ఎవులు పెడితే నీకెందుకు? కంప్యూటరే పెట్టినాది.”

“కంప్యూటరు తనంతట తాను పెట్టదు కదా.”

ఇక ఆ గీత ఊరూ పేరూ వెతకడం మొదలుపెట్టింది. లైను తీసేసి నడిపింది. పసుపు పోయింది కానీ, ప్రోగ్రాము ఎర్ర చుక్క దగ్గర ఆగకుండా దాటిపోయింది. లైను మళ్ళీ పెట్టి నడిపింది. పసుపు వచ్చింది, ప్రోగ్రాము బుద్ధిగా చుక్క దగ్గర ఆగింది. అంటే చెల్లదన్న మాటే చెల్లుతోంది. మా ప్రోగ్రాములో తేడా ఉందేమోనని, ఏమీ లేని కొత్త ఫోల్డరు తెరిచి అందులో ఒక్క ఆ లైనే రాసింది. అక్కడా పసుపే. ఎడిటర్‌కి తగిలించిన తోడు సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటే ఆపుతూ పోయింది. డీబగ్గర్‌ని తెచ్చే సాఫ్ట్‌వేర్ ఆపినప్పుడు ఆ గీత మాయమైంది. దాన్ని విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఏయే మాటలు చెల్లుతాయో అందులో ఒక పట్టిక ఉంది. దాన్ని తయారుచేసినవాళ్ళు డీబగ్గర్‌కి కొత్త మాట నేర్పారు, పట్టికలో మాత్రం చేర్చడం మరిచిపోయారు. ఎడిటర్ పట్టిక చూసి గీత గీస్తోంది. డీబగ్గర్ పట్టిక చూడకుండా పని చేసుకుపోతోంది.

ఆ పసుపుని అలాగే ఉంచుకుని అసలు పని కూడా పూర్తి చేసింది. ఒక ఊళ్ళో మొదటి ఫోనుకి సిగ్నల్ అందకపోతే, ఆ ఊరంతటికీ సిగ్నల్ లేదని ప్రోగ్రాము అనుకుని పక్క ఊరికి పోతోంది. కొండల్లో ఒక ఇంటికి సిగ్నల్ ఉంటే పక్కింటికి ఉండదని విశాఖలో కూర్చున్నవాళ్ళకి తట్టలేదు. దాన్ని దిద్దింది. నేను నొక్కి చూశాను. అన్ని ఊళ్ళకీ ఫోన్లు వెళ్ళాయి.

“ఇప్పుడా పసుపు గీత తీసీ,” అన్నాను. “రివ్యూలో ఆయన చూస్తాడు.”

“తీత్తే డీబగ్గర్ ఆగదక్కా.”

“లైను తియ్యొద్దే. గీత కనపడకుండా సెయ్యి. సెట్టింగుల్లో ఉన్నాదని నువ్వే సెప్పినావు కదా.”

నిజంగానే ఉంది. ఒక్క ముక్క మారిస్తే ఆ ఫైల్లో హెచ్చరికలేవీ కనపడవు. రివ్యూ అయ్యాక మళ్ళీ మార్చుకోవచ్చు.

“నాను మూసీయకూడదక్కా,” అంది స్వర్ణ. “గీత పెట్టినోలకి రాసినాను. ఆల తప్పు ఆలే సూసుకుంటారు. నా దగ్గర మూసీసుకుంటే, రేపు ఇంకొకలు ఇదే లైను రాసి ఇలాగే బెంగెట్టుకుంటారు కదా.”

ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళు ఎక్కడో సముద్రాల అవతల ఉన్నారు. తప్పులు చెప్పుకోవడానికి వాళ్ళకొక పేజీ ఉంది. ఎలా చూడాలో, ఏం చేస్తే ఏం జరుగుతుందో అన్నీ వివరంగా రాసి స్వర్ణ అక్కడ పెట్టింది. జవాబు రాలేదు. నేను మళ్ళీ మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మా అమ్మ వరలక్ష్మి కింద నుంచి విని, “కందకి నేని దురద కత్తిపీటకెందుకే? ఆ గుంట పని ఆ గుంటకి తెలుసు, నువ్వు దిగి అన్నం తిను,” అంది.

రివ్యూ ఒక మధ్యాహ్నం పెట్టారు. స్వర్ణ స్క్రీను రవికుమార్‌కి కనిపించేలా కలిపింది. నేను పక్కనే కూర్చున్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టకముందే ఆయన, “ఆ కింద వార్నింగు ఏమిటి?” అన్నాడు.

“సర్, అది ఎడిటర్ తప్పుగా చూపిస్తోందండి. లైను కరెక్టేనండి.”

“ఎడిటర్ తప్పా?” ఆయన నవ్వాడు. “అందరూ అదే అంటారు. నాకెప్పుడూ అలాంటి వార్నింగు రాలేదు.”

రాదు మరి. ఆయన వాడే ఎడిటర్ వేరు. కంపెనీ కొన్న ఖరీదైన ఎడిటర్ పాతవాళ్ళకే ఇచ్చారు, మాలాంటివాళ్ళం ఉచితంగా దొరికేది వాడుకోవాలి. ఆ మాట స్వర్ణ చెప్పబోయింది. పట్టిక సంగతి కూడా చెప్పబోయింది.

“స్వర్ణా, ఒక్క నిమిషం. వార్నింగు వస్తే ముందు దాన్ని క్లియర్ చేయాలి. ఇది బేసిక్. కంట్రోల్ నాకివ్వు,” అన్నాడు రవికుమార్.

ఇచ్చింది. ఆయన అక్కడి నుంచే ఆ లైను కొట్టేశాడు. పసుపు పోయింది. “చూశావా, ఎంతసేపు పట్టింది?” అని ప్రోగ్రాము నడిపాడు. అది ఎర్ర చుక్కని దాటి పోయింది. ఆగలేదు.

“ఆగలేదేం? చుక్క తప్పు చోట పెట్టావు.”

“సర్, ఆ లైను మళ్ళీ పెడితే ఆగుతుందండి. ఒక్కసారి పెట్టి చూపిస్తాను.”

“వార్నింగు ఉన్న లైను మళ్ళీ పెడతానంటావా? నేను తీసేశాక కూడా?” ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. కోపం ఉన్నా నేను ఇంత బాధపడేదాన్ని కాదు. “చూడమ్మా, నీకు డీబగ్గర్ వాడడమే సరిగ్గా రాలేదు. ఆ దిద్దుబాటు ఎలా నమ్మమంటావు? ఇక్కడ మన ఆఫీసులో తేజ చూస్తాడులే. నాకు ఇంకో మీటింగు ఉంది.”

ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగో కాలు ఉందని చూపించడానికి స్వర్ణకి ఒక్క లైను రాసేంత సమయం చాలు. అదివ్వలేదు. స్క్రీను మీంచి ఆయన పేరు పోయింది. స్వర్ణ ఆ లైను మళ్ళీ టైపు చేసి, ఎవరూ చూడకపోయినా నడిపింది. ప్రోగ్రాము చుక్క దగ్గర ఆగింది. నాకేసి తిరిగి, “ఆగినాది కదక్కా,” అంది. నాకు ఏడుపొచ్చింది.

సీజను అయ్యాక కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఒక అమ్మాయి చాలా తియ్యగా మాట్లాడింది. ఇప్పటికి అవసరం లేదని, అవకాశం ఉంటే పిలుస్తామని చెప్పింది. స్వర్ణ థాంక్స్ చెప్పింది. దేనికి చెప్పిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆమె దిద్దుబాటుని మాత్రం ఆ తేజ తన పేరుతో ప్రోగ్రాములో కలిపాడు. అది బాగా పనిచేస్తోంది. ఇప్పుడు లారీ వచ్చే ముందు భీముడికి కూడా ఫోను వెళుతుంది.

సామాను తీసుకెళ్ళడానికి భీముడు వచ్చాడు. మా అమ్మ టీ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని నన్ను అడిగాడు, “మా గుంట ఏటి తప్పు సేసినాదమ్మా?”

తప్పేమీ చేయలేదని, ఒక తప్పుడు హెచ్చరిక కనపడితే దాచమన్నా దాచలేదని, ఆయనకి అర్థమయ్యేలా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“అది పెట్టినోలు ఎక్కడుంటారు?”

“విదేశాల్లో ఉంటారు.”

“అయితే ఆలే రావాలి,” అన్నాడు భీముడు. “మా గుంట ఎలా తీత్తాది?”

ఆ మాటకి నాకు నెత్తిన నీళ్ళకుండ పగలగొట్టుకోవాలనిపించింది. తండ్రీ కూతుళ్ళని ఒకే అచ్చులో పోశాడు దేవుడు. ఊరి మొదట్లో పెట్టిన కొమ్మని ఊరంతా గౌరవిస్తుంది కాబట్టి అక్కడ ఆ మాట చెల్లుతుంది. ఇక్కడ కొమ్మ పెట్టినవాడు ఎవడో, దాన్ని చూసి తీర్పు చెప్పేవాడు ఇంకెవడో. ఈ అమాయకులకి ఆ తేడా ఎవరు చెబుతారు? నేను చెప్పాను. వినలేదు.

ఊళ్ళో ఉంటే ల్యాప్‌టాప్‌కి నెట్ అందదు. విశాఖ వెళ్ళనంది. ముంచింగిపుట్టులో ఏదైనా పని దొరుకుతుందేమోనని తిరిగింది. చివరికి రిసార్టువాళ్ళు కంప్యూటర్ వచ్చిన అమ్మాయి కావాలంటే చేరింది. మొదట రిసెప్షన్ అన్నారు. ముఖం కళగా ఉందని, పైగా ‘ఒరిజినల్’ అని గేటు దగ్గరికి పంపారు. ఆ ముక్క మేనేజరు నా ఎదుటే అన్నాడు. నేను అన్నది ఇక్కడ రాయను.

ఇదిలా ఉండగా మా కంపెనీ ఖర్చులు తగ్గించుకోవాలని ఖరీదైన ఎడిటర్ మానేసి అందరికీ ఉచితమైనదే పెట్టింది. పెట్టిన వెంటనే గ్రూపులో గోల మొదలైంది. నాకు పసుపు గీత వస్తోందంటే నాకు వస్తోందని ఒకటే మెసేజీలు. అప్పుడు రవికుమార్ రాశాడు: ‘టీమ్, ఆ వార్నింగు తప్పుగా వస్తోంది. ఎడిటర్ ప్రాబ్లం. లైను మాత్రం తీయొద్దు, తీస్తే డీబగ్గర్ ఆగదు. ఇగ్నోర్ చేయండి.’

నేను వెంటనే ‘సర్, ఇదే మాట స్వర్ణ అప్పుడు చెప్పింది కదా’ అని రాశాను.

‘ఏ స్వర్ణ?’ అని జవాబు వచ్చింది.

అరకు నుంచి పనిచేసిన అమ్మాయని రాశాను. దాని కింద ఆయన ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు. అంతే. తర్వాత ఎవరో వేరే సంగతి ఎత్తుకున్నారు.

మర్నాడు బస్సెక్కి రిసార్టుకి వెళ్ళాను. స్వర్ణ గేటు పక్క అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. నేను ఫోను ఆమె చేతిలో పెట్టాను.

“సదువు. ఆడే రాసినాడు. ఆడి సేత్తోనే రాసినాడు.”

స్వర్ణ చదివింది. కిందికి జరుపుకుంటూ బొటనవేలు బొమ్మ దాకా చదివింది. ఏడుస్తుందేమోనని చూశాను. ఫోను నాకిచ్చి, చీర మడతలోంచి తన ఫోను తీసింది.

“నాకూ వచ్చినాదక్కా. నిన్న,” అంది.

గీత పెట్టినవాళ్ళు జవాబిచ్చారు. ఆమె చెప్పింది నిజమేనని, పట్టికలో కొత్త మాట చేర్చడం మరిచిపోయామని, ఇప్పుడు చేర్చామని రాశారు. ఇక ఆ పసుపు ఎవరికీ కనపడదట. ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు చెప్పారు.

“సూడు, పెట్టినోలే తీసీసినారు,” అంది స్వర్ణ. ఆ ముఖంలో సంతోషం చూసి నాకు ఒళ్ళు తెలీని కోపం వచ్చింది.

“తీసీసినారు, శానా బాగున్నాది. మరి నీ దారికి అడ్డం పెట్టిందెవులు? ఆ విదేశాలోల్లా? రవికుమారు పెట్టినాడు. ఆడొచ్చి తీత్తాడేటి?”

స్వర్ణ నవ్వు ఆగిపోయింది. ఫోను మళ్ళీ మడతలో దోపుకుంది.

“ఎలా తీత్తాడక్కా,” అంది. “పెట్టినట్టే ఆయనకి గురుతు నేదు.”

ఇంతలో టూరిస్టుల బస్సు వచ్చి గేటు దగ్గర ఆగింది. లోపల నుంచి మేనేజరు పిలిచాడు. స్వర్ణ ముక్కు రింగులు సరిగ్గా బిగించుకుని, దండలు తీసుకుని బస్సు వైపు వెళ్ళింది.